ఒట్మార్ గుర్రాలు, ఆల్వీన గుడ్డు

ఒట్మార్ ఇళ్ళ కప్పులు వేసే మనిషి. ఐఫెల్ కొండల్లో కప్పులన్నీ నల్ల పలకరాయివే. వాటిని పరిచేవాడికి తొందర పనికిరాదు. ఒక పలక సరిగ్గా కూర్చోకపోతే ఒట్మార్ దాన్ని తీసి, అంచు చెక్కి, మళ్ళీ కూర్చోబెడతాడు తప్ప సుత్తితో బలవంతం చెయ్యడు. అంత నిదానస్తుడూ ఆదివారం కారెక్కాడంటే మాత్రం, పొయ్యి మీద పాలు మరిచి వచ్చినవాడిలా అయిపోతాడు.

తప్పంతా అతనిదే అనడానికీ లేదు. ఊరి వెనక అడవిలోంచి రింగు పోతుంది. నూర్బుర్గ్ కొండ చుట్టూ చుట్టుకుని పడుకున్న పందేల రోడ్డు అది. పందేలు లేని సాయంత్రాలూ ఆదివారాలూ టికెట్టు కొనుక్కున్న ఎవరైనా సొంత కారేసుకుని ఒక చుట్టు తిరిగి రావచ్చు. ఆ ఊరి పిల్లలు అక్షరాలు రాకముందే చప్పుడు విని ఏ కారో చెప్పేస్తారు. అక్కడ పుట్టినవాడు పలకలు పరుస్తాడా, రొట్టెలు కాలుస్తాడా అన్నది తరవాతి సంగతి. ముందు రింగు మీద ఎలా తోలతాడన్నదే లెక్క.

అయితే ఆ రోడ్డుకి ఒక నియమం ఉంది. జనానికి తెరిచిన వేళల్లో ఎవరూ గడియారం పెట్టి పరుగు కొలవకూడదు. షికారుకి రమ్మన్నాం గాని పందేనికి కాదు అంటారు. అందుకని "నేను టైము చూసుకోలేదు" అనడం అక్కడ మర్యాద. ఆ మాట అనేసి, వెంటనే ఎంతలో వచ్చారో సెకన్లతో సహా చెప్పడం ఆచారం. ఒట్మార్ మరీ నీతిపరుడు, గడియారం జోలికి పోడు. అతనికి వదిన ఉంది, వదినకి గుడ్డు ఉంది.

ఆల్వీన అతని భార్య రోస్వితకి అక్క. ఊరి దిగువన పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంది. ఎవరింట ఏం ఉడుకుతోందో, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో ఆమెకి తెలియకపోతే ఆ రోజు ఆమెకి అన్నం సయించదు. ఆమె వంటింటి కిటికీ వెనకే, చెట్ల అవతల, రింగు కొండ దిగుతుంది. ఒట్మార్ కారు రింగులోకి దిగగానే, ద్వారం దగ్గర సాసేజీలు అమ్మే స్నేహితురాలు ఆల్వీనకి ఫోను ఒక్కసారి మోగించి పెట్టేస్తుంది. ఆల్వీన మరుగుతున్న నీళ్ళలో గుడ్డు వేస్తుంది. అతని కారు కిటికీ వెనకనుంచి బుర్రుమని పోగానే తీసి చన్నీళ్ళలో పడేస్తుంది. ఒట్మార్ వచ్చి కూర్చున్నాక అతని ముందే పగలగొడుతుంది. సొన జారుతుంటే బాగా తోలినట్టు, గట్టిపడితే ఈడ్చినట్టు. గుడ్డు ఉడకబెట్టకూడదని ఏ నియమంలోనూ లేదు.

ఈ పద్ధతి మొదలైంది ఒట్మార్ రోస్వితల పెళ్ళినాడే. చర్చి నుంచి బయటికి రాగానే ఒట్మార్ తన చిన్న రెండు తలుపుల కారులో పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. రోస్విత మేలిముసుగు మోకాళ్ళ మధ్య కుక్కుకుని దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. అదే వేళకి ఆల్వీన తాతగారికి గుడ్డు వేసింది. వాళ్ళు కిటికీ వెనక పోతుంటే చూద్దామని తొందరపడి తీసేసింది. పగలగొడితే సొన తేనెలా కారింది. తాతగారు తినకుండా తోసేశారు గాని, ఆ గుడ్డు ఊళ్ళో సామెత అయిపోయింది.

అప్పుడా కారుకి ఉన్న గుర్రాలు బహు కొద్ది. అక్కడ ఇంజను సత్తువని గుర్రాల్లోనే చెబుతారు. ఒట్మార్ ప్రతి చలికాలం, కప్పుల మీద మంచు పడి పనుండదు కనక, కారు కింద దూరి కొన్ని గుర్రాలు చేర్చేవాడు. ఒక ఏడు గాలి ఎక్కువ పీల్చే గొట్టం, ఇంకో ఏడు పొగ త్వరగా వదిలే గొట్టం, ఆ తరవాత ఇంజనులోకి గాలి బలంగా ఊదే టర్బో. పెళ్ళినాటికీ ఇప్పటికీ గుర్రాలు రెండింతలు దాటాయి. విచిత్రం ఏమిటంటే గుర్రాలు పెరిగినకొద్దీ గుడ్డు గట్టిపడుతూ వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒట్మార్ ఒకసారి వాన అన్నాడు, ఒకసారి ముందు పోతున్న టూరిస్టు బస్సు అన్నాడు. చివరికి వదిన కోళ్ళు ముసలివైపోయి చిన్న గుడ్లు పెడుతున్నాయని, చిన్న గుడ్డు త్వరగా ఉడికిపోతుందని అన్నాడు. మరుసటి ఆదివారం కింద ఉన్న ఆడెనావు పట్నం అంగట్లోంచి తన గుడ్డు తనే జేబులో పెట్టుకొచ్చాడు. ఆల్వీన దాన్నే వేసింది. అది తాతగారు ఉండుంటే తినగలిగినంత గట్టిగా వచ్చింది.

గుడ్డు ఒక ఎత్తు, రోస్విత ఒక ఎత్తు. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఆమె అతని పక్క సీట్లో కూర్చునేది. ఒకసారి, టర్బో పెట్టిన ఏడు, ఒళ్ళో ప్లమ్‌పళ్ళ కేకు పెట్టుకుని కూర్చుంది. నక్కబొరియ అని ఒక పల్లం ఉంది. అక్కడ రోడ్డు నూతిలోకి దిగినట్టు దిగి, ఎగబాకి, ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపులో గడ్డిలోకి పోయేవాళ్ళని చూడ్డానికే జనం మడతకుర్చీలూ బీరూ తెచ్చుకుని కూర్చుంటారు. ఆ రోజు వాళ్ళ కడుపు ఒట్మార్ నింపాడు. కారు గడ్డిలో గిరగిరా తిరిగి ఆగింది. కేకు వెళ్ళి అద్దానికి అతుక్కుంది. జనం చప్పట్లు కొట్టారు. రోస్విత మాత్రం అద్దం మీది ప్లమ్‌ముక్కలు వేలితో తీసింది. ఇంటికొచ్చాక చెప్పింది.

"భయపడి కాదు ఒట్మార్. ఇదివరకు మలుపొస్తే నువ్వు మలుపుని చూసేవాడివి. ఇప్పుడా టర్బో మీటరు ముల్లుని చూస్తున్నావు. పక్కన కూర్చున్నది నేనో, బంగాళదుంపల బస్తాయో నీకు తెలీదు. ఇంక నేను ఎక్కను."

అప్పుడు ఒట్మార్ చేసిన పని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె ఎలాగూ ఎక్కదు కదా, బరువన్నా తగ్గుతుందని పక్క సీటు విప్పి కొట్టంలో పడేశాడు. పిల్లి అందులో పిల్లల్ని పెట్టింది.

ఆ ఏడు ఆకులు రాలేవేళకి వాళ్ళ వెండిపెళ్ళి. పెళ్ళై పాతికేళ్ళయితే ఆ ఊళ్ళో ఇరుగుపొరుగు అమ్మలక్కలు నెల ముందునుంచీ ఒకచోట చేరి వెండికాగితంతో రోజాలు చుడతారు. ఫర్ చెట్టు కొమ్మల తోరణానికి ఆ పూలు సన్నని వెండితీగతో కట్టి, ఆ ఇంటి గుమ్మానికి వేలాడదీస్తారు. పూలు చుట్టేవాళ్ళకి ఆ ఇంటాయన మందు పోయాలి. ఒట్మార్ ఆ సాయంత్రం సీసా పట్టుకుని ఆల్వీన పూటకూళ్ళింటికి వెళ్ళి, అందరికీ పోసి, అందరూ వింటుండగానే భార్యని అడిగాడు. వెండిపెళ్ళి రోజున మన పెళ్ళినాటిలాగే ఒక చుట్టు తిరిగొద్దామా అని. ఏడాదిగా అతని కడుపులో ఉన్న కోరిక అదొక్కటే.

రోస్విత చేతిలో పువ్వు పూర్తిచేసి బల్ల మీద పెట్టింది. "ఎక్కడ కూర్చోను? నా సీటు పిల్లికిచ్చావుగా."

అమ్మలక్కలందరూ నవ్వారు. ఒట్మార్ చెవులు ఎర్రబడ్డాయి. సీటు కడిగి బిగిస్తానన్నాడు. పిల్లిపిల్లలకి వేరే ఏర్పాటు చేస్తానన్నాడు. రోస్విత అతన్ని వదిలించుకోవడానికో, ఏడిపించడానికో, "ఆ రోజు సొన ఎలా కారిందో అలా కారించు. అప్పుడు ఎక్కుతా" అంది. ఆల్వీన ఆ మాటని అక్కడికక్కడే శాసనం చేసేసింది. గుడ్డు తేనెలా కారాలి, లేదంటే చెల్లెలు గుమ్మం దిగదు.

ఒట్మార్‌కి అర్థమైంది ఒక్కటే. గుర్రాలు చాలలేదు. మర్నాడే ఇంకా పెద్ద టర్బో తెప్పించాడు. పెట్టె తెచ్చినవాడు ఒట్మార్ ఇంట్లో లేడని దాన్ని పూటకూళ్ళింట్లో ఇచ్చి పోయాడు. ఆల్వీన దాన్ని విప్పలేదు, కాని నాలుగు పక్కలా తిప్పి చూసి, ఎత్తి బరువు చూసి, ఊపి చప్పుడు విని, "మరిదీ, ఇందులో ఏముందో నాకు తెలీదు గాని, మా ఇంటి రాట్నం కన్నా బరువుంది" అని అప్పగించింది. వాళ్ళింట్లో రాట్నమే లేదు. ఒట్మార్ ఆ పెట్టెని మెకానిక్ వెండెలిన్‌కి ఇచ్చాడు. వెండెలిన్ పెళ్ళికాని మొగాడు, మధ్యాహ్నం తిండి ఆల్వీన దగ్గరే.

కారు చేతికొచ్చింది. మూత ఎత్తితే కొత్త టర్బో పీటల మీది పెళ్ళికూతురిలా తళతళా మెరుస్తోంది. ఒట్మార్ ఆడెనావు నుంచి పైకి వచ్చే ఎత్తు మీద గట్టిగా తొక్కాడు. కారు మూలిగింది. మళ్ళీ తొక్కాడు. పాల వ్యాను ఒకటి పక్కనుంచి దాటిపోయింది. కారు ఆపి, మూత ఎత్తి, చెయ్యి పెట్టి తడిమాడు. టర్బో ఊదే గాలి ఇంజనుకి చేరకుండా పక్క రంధ్రంలోంచి బయటికి పోతోంది. ఆ రంధ్రం మూత తెరిచి, మూసుకోకుండా ముడేసి ఉంది. ముడేసింది సన్నని వెండితీగతో. వెండికాగితం రోజాలు కట్టే తీగ.

ఆ తీగ చూడగానే అతనికి అంతా కళ్ళకి కట్టింది. వదిన వెండెలిన్‌ని వంటింట్లో పట్టుకుని ఉంటుంది. బంగాళదుంపల మూకుడురొట్టె, యాపిల్ గుజ్జు ముందు పెట్టి, ఈ టర్బో పనిచేసిందంటే ఇదే నీ ఆఖరి ముద్ద అని ఉంటుంది. వెండెలిన్‌కి ఆ రొట్టె మీద ఉన్న ప్రేమ ఊరంతటికీ తెలిసిందే.

ఒట్మార్ పళ్ళు నూరుకుంటూ పూటకూళ్ళింటికి వచ్చాడు. కిటికీలోంచి చూస్తే లోపల వెండిపూల మధ్య వదిన మారాణిలా కూర్చుంది. చూసీ చూడగానే "కొత్త టర్బో ఎలా ఉంది మరిదీ" అని పలకరించింది. ఆ గొంతులోని తీపికి ఒట్మార్‌కి ఇంకా మండింది. సరే, మీ తీగ మీకే ఉండనీ, ఈ ఆదివారం ఇలాగే తోలతాను, గుడ్డు రాయైపోతుంది, అప్పుడు నలుగురి ముందూ తీగ తెచ్చి బల్ల మీద పడేస్తాను అనుకున్నాడు. పైకి మాత్రం "నిప్పులు కక్కుతోంది వదినా" అన్నాడు.

ఆదివారం తోలాడు. ఎత్తుల మీద మోటారు సైకిళ్ళు దాటిపోయాయి. సైడ్‌కార్లో కుక్కని కూర్చోబెట్టుకున్న ముసలాయన ఒకడు దాటిపోతూ చెయ్యి కూడా ఊపాడు. వచ్చి కూర్చున్నాడు. జేబులో తీగ పట్టుకుని ఎదురు చూశాడు. ఆల్వీన గుడ్డు పగలగొట్టింది.

పోయిన వారం గుడ్డు ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది. పట్టిచూస్తే వెంట్రుకవాసి మెత్తగానే ఉంది.

ఒట్మార్ తీగ వదిలేశాడు.  సగం గుర్రాలు పారిపోయాయి, అయినా గుడ్డు గట్టిపడలేదు. మరి ఇన్నాళ్ళూ ఆ గుర్రాలన్నీ ఏం చేసినట్టు? మేశాయి, సకిలించాయి, గడ్డిలోకి ఈడ్చుకెళ్ళాయి. అంతే కదా. అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, గుడ్డు మాత్రం ఉప్పేసుకుని తినేశాడు.

మర్నాడు సాయంత్రం ఎవరూ చూడకుండా పెరటిదారిన బుర్ఖార్ట్ మాస్టారి ఇంటికి పోయాడు. మాస్టారు ఊరందరికీ డ్రైవింగ్ నేర్పి రిటైరైన మనిషి. ఆయన బూడిదరంగు కారుకి గుర్రాలకంటే ఏళ్ళెక్కువ అంటారు. కాని ఆయన చుట్టు తిరిగినప్పుడు ఆల్వీన వేసిన గుడ్డు ఏనాడూ గట్టిపడలేదు. ఒట్మార్ కుర్చీ అంచున కూర్చుని, వాతావరణం గురించి మాట్లాడి, పలకల ధరల గురించి మాట్లాడి, చివరికి నక్కబొరియ దగ్గర మీరెలా తోలతారని అడిగాడు. ఈ సంగతి బయటికి పొక్కకూడదని కూడా అన్నాడు.

"డ్రైవింగ్ నేర్చుకుంటున్నానంటే సిగ్గా?"

"నాకు లైసెన్సు వచ్చి ముప్ఫై ఏళ్ళు మాస్టారూ."

"తెలుసు. ఇప్పించింది నేనే. ఆ పాపం నాదే."

మాస్టారు అతని కారులోనే కూర్చున్నాడు, కొట్టంలోంచి తెచ్చి బిగించిన సీటు మీద, పిల్లివెంట్రుకలు దులుపుకుంటూ. టికెట్టు కొని లోపలికి వెళ్ళారు.  మొదటి చుట్టులో మాస్టారు ప్రతి మలుపు దగ్గరా గొంతు సవరించుకున్నాడంతే. బయటికొచ్చాక చెప్పాడు. "మలుపు మీద పడేదాకా బ్రేకు ముట్టుకోవు. మీద పడ్డాక భయపడి తొక్కుతావు. లోపల ఇంకోసారి తొక్కుతావు. బయటపడ్డాక గుర్రాల్ని అదిలించి ఆ తప్పు కప్పేస్తావు. ఇప్పుడు కప్పడానికి గుర్రాలు లేవు కనక తప్పు కనబడుతోంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందిరా. నీకేమో మంద మందే మూడుకాళ్ళ మీద నడుస్తోంది."

గుర్రాలు లేవని మీకెలా తెలుసు అని ఒట్మార్ అడిగాడు. ఆల్వీన ఎవరికీ చెప్పొద్దని ఊరందరికీ చెప్పిందన్నాడు మాస్టారు.

ఆ వారం ప్రతి సాయంత్రమూ వెళ్ళారు. మాస్టారు నేర్పింది పెద్ద విద్యేం కాదు. బ్రేకు ముందే, ఒక్కసారే, పక్షిపిల్లని పట్టుకున్నట్టు. చూపు మలుపు చివర. "చెట్టుని చూస్తే చెట్టుకే పోతావ్. చూపెటో కారటు. నీ కారు ముక్కు నీకెందుకు, అదెక్కడుందో దానికి తెలుసు." ఒట్మార్ మొదటి రోజు చిరాకుపడ్డాడు. రెండో రోజు అలిగి మధ్యలోనే ఇంటికొచ్చేశాడు. ఆ తరవాత ఒక సాయంత్రం నక్కబొరియలోకి దిగి ఎడమకి తిరిగాక, మడతకుర్చీల జనం మొహాలు చూస్తే ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. ఒకడు ఆవులించాడు. ఒట్మార్ జన్మలో అంత సంతోషించి ఉండడు.

ఇంట్లోనూ బయటా మాత్రం టర్బో పాటే పాడాడు. కొత్త టర్బో మామూలుగా లేదన్నాడు, పులి మీద స్వారీలా ఉందన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా వెండెలిన్‌కి పొలమారేది. ఆల్వీన వాడి వీపు తడుతూ పొంగిపోయేది. మరిది తన తీగకి చిక్కి, లేని టర్బోని పొగుడుతున్నాడని ఆమె పరమానందం. ఆమె తన తీగకి తనే చిక్కిందని ఒట్మార్ పరమానందం.

వెండిపెళ్ళికి ముందు ఆదివారం పూటకూళ్ళింట్లో ఇసకేస్తే రాలలేదు. ఒట్మార్ చుట్టు తిరిగి వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఆల్వీన గుడ్డు గిన్నెలో నిలబెట్టి, చెంచాతో నెత్తిన ఒక్కటిచ్చింది. పెంకు ఊడింది. లోపల తెల్లసొన కూడా సరిగ్గా పట్టలేదు. పచ్చసొన అంచు దాటి, గిన్నె మీదుగా జారి, ఆల్వీన కొత్త బల్లగుడ్డ మీద పడింది.  రోస్విత ఆ మరక వంక చూసి, మొగుడి వంక చూసి, "నాకు పిల్లివెంట్రుకలు పడవు, సీటు ఇంకోసారి దులుపు" అంది.

వెండిపెళ్ళి రోజు తెల్లారి సన్నటి వాన పడి వెలిసింది. గుమ్మానికి తోరణం కట్టారు. చర్చి అయ్యాక రోస్విత నీలం గౌనులో వచ్చి కారెక్కింది. ఒట్మార్ ఆమె సీటుపట్టీ తనే బిగించాడు. అడవిలో తడి ఆకుల వాసన. మొదటి మలుపు, రెండో మలుపు, వంతెన. రోస్విత సీటు అంచు పట్టుకుని కూర్చుంది. నక్కబొరియ దాటి ఎడమకి తిరిగాక ఆమె భుజాలు దిగాయి. గౌను సర్దుకుని, చుట్టాలబ్బాయి పెళ్ళి గురించి మొదలుపెట్టింది. తరవాత వంటింటికి ఏ రంగు వెయ్యాలన్న మాట. ఒట్మార్ పసుపు బాగుంటుందన్నాడు. పాతికేళ్ళలో రింగు మీద అతను ఆమె మాటకి జవాబు చెప్పడం ఎప్పుడు మానేశాడో ఇద్దరికీ గుర్తులేదు.

కొండ దిగుతుంటే ఆమె రోడ్డు వంకే చూస్తూ అడిగింది. "తీగ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఎత్తు మీదే. నీకు?"

"అక్క ముడేస్తుంటే టార్చిలైటు పట్టుకుంది నేనే."

ఒట్మార్ మలుపు పూర్తిగా తిరిగి, చక్రం తిన్నగా చేశాకే నవ్వాడు. రోస్విత కూడా నవ్వింది. "అక్కకి మాత్రం చెప్పకు. ఆవిడ ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో. నీకు తెలిసిపోయిందని తెలిస్తే మంచం పడుతుంది." చెప్పనని మాటిచ్చాడు. తీగ విప్పనని కూడా అన్నాడు, ఆమె అడక్కపోయినా.

చుట్టు అయిపోయింది. బయటి ఖాళీస్థలంలో కారాపి ఒట్మార్ ఇంజను కట్టెయ్యబోయాడు. రోస్విత తన పట్టీ విప్పుకుని దిగి, కారు ముందు నుంచి తిరిగి అతని వైపు తలుపు తీసింది. చేతిసంచిలోంచి ఇంకో టికెట్టు తీసి చూపించింది.

"దిగు. అటు కూర్చో."

"నువ్వా?"

"లైసెన్సు నాకూ మాస్టారే ఇప్పించాడు. ఈ నెలంతా పొద్దుటిపూట ఆయన ఎవరికి నేర్పుతున్నాడనుకున్నావ్? నీకు సాయంత్రాలే ఎందుకిచ్చాడనుకున్నావ్?"

ఒట్మార్ వెళ్ళి ఆమె సీట్లో కూర్చున్నాడు. అందులో ఇంకా పిల్లివెంట్రుకలున్నాయి. ద్వారం దగ్గర అడ్డకర్ర లేచింది. రోస్విత తొందరపడలేదు, జంకలేదు, ఇస్త్రీపెట్టె తోసినట్టు తోసుకుంటూ పోయింది. మొదటి మలుపుకి ఒట్మార్ కుడికాలు లేని బ్రేకుని తొక్కింది. రెండోదానికి రెండు కాళ్ళూ తొక్కాయి. నక్కబొరియ కనిపించేసరికి తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని, ఇంకాస్త ముందే బ్రేకు, ఇంకాస్త ఎడమకి, అక్కడ నేనయితే అని మొదలుపెట్టాడు.

"ఒట్మార్," అంది రోస్విత, చూపు మలుపు చివరినుంచి తిప్పకుండా, "రింగు మీద బండి ఆపకూడదన్న రూలొకటి ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇక్కడే దించేసేదాన్ని."